పూస ఊడితే జపమాల చెల్లదా?

పాఠకుల ప్రశ్నలకు ఒక పాత ఉపదేశి జవాబులు

ఈ శీర్షిక కొత్తగా చదివేవాళ్లకు రెండు ముక్కలు. నేను గురువును, అంటే ఫాదరును కాను, పండితుణ్ణీ కాను. 9వ ఏట పీఠ బాలుణ్ణయ్యాను, అంటే గుడిలో పూజ (మాస్) జరిగేటప్పుడు ఫాదరుగారికి సాయం చేసే పిల్లాణ్ణి. తర్వాత 38 ఏళ్లు ఉపదేశిగా, అంటే మతబోధ చేసేవాడిగా చేశాను. ఇప్పుడు 74. మోకాళ్లు వంగడం మానేశాయి, నోరు మాత్రం మానలేదు. ఈసారి ఉత్తరాలన్నీ ఒకచోట పెట్టుకుని చదివితే అన్నింట్లోనూ ఒకటే మాట: "చెల్లుతుందా, చెల్లదా?" శ్రీసభ, అదే కతోలిక సంఘం, కొన్నిచోట్ల చాలా గట్టిగా ఉంటుంది, కొన్నిచోట్ల మనం అనుకునేదానికంటే చాలా వదులుగా ఉంటుంది. మనమేమో వదులున్న చోట బిగించుకుని బాధపడతాం, గట్టిగా ఉన్నచోట చూసీచూడనట్టు దాటిపోతాం. నా జవాబులన్నీ ఈ రెంటినీ వేరుచేసే ప్రయత్నమే.

ప్రశ్న: మా నాయనమ్మ జపమాల నాకు వచ్చింది. మూడో పదిలో, అంటే మూడో పది పూసల వరసలో, రెండు పూసలు ఊడిపోయాయి. ఊడిన జపమాలతో జపం చేస్తే ఫలితం ఉండదని, ఇంట్లో ఉంచుకుంటేనే మంచిది కాదని మా పిన్ని అంటోంది. బాగు చేయిస్తే మళ్లీ ఆశీర్వదింపజేయాలా? పారేయడానికి మనసు రావడం లేదు. – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు దాన్ని పెట్టెలోంచి తీసి చేతిలోకి తీసుకోండి. పూసలు లేనిచోట రెండు వేళ్లు మడవండి, లెక్క సరిపోతుంది. పూస ఉన్నది లెక్క కోసం. జపం చేసేది మీరు.

ఇక ఆశీర్వాదం సంగతి. దండవిమోచనాల (పాపానికి క్షమాపణ దొరికాక కూడా మిగిలే శిక్ష నుంచి విడుదల) మీద రోము అచ్చువేసిన నిబంధనల్లో ఈ విషయం సూటిగానే ఉంది. ఆశీర్వదించిన భక్తి వస్తువుకున్న విమోచనం, ఆ వస్తువు నాశనమైపోతేనో అమ్మేస్తేనో మాత్రమే పోతుంది. రెండు పూసలు ఊడితే నాశనమైనట్టు కాదు కదా. కొత్త పూసలు వేయించండి, తీగ మార్పించండి, అప్పుడు కూడా అది మీ నాయనమ్మ జపమాలే. మళ్లీ ఆశీర్వాదం అక్కర్లేదు. మీ మనసు కుదుటపడటానికి ఫాదరుగారి దగ్గరికి పట్టుకెళ్తే ఆయనేమీ కాదనరు, అది వేరే సంగతి. అమ్మితే పోతుందన్నాను కాబట్టి ఇంకో మాట కూడా గుర్తుంచుకోండి: జపమాల ముందు కొనుక్కోవాలి, ఆ తర్వాతే ఆశీర్వదింపజేసుకోవాలి.

మా అమ్మ జపమాలలో నాలుగో పదిలో ఒక పూస బదులు చొక్కా బొత్తాం ఉండేది. మా నాన్న పాత చొక్కాది. దీపం ఆర్పేసి చీకట్లో జపం చేసుకునేటప్పుడు వేలికి ఆ బొత్తాం తగలగానే అమ్మ గొంతు కొంచెం నెమ్మదించేది. ఒక్కో పదికి ధ్యానించే క్రీస్తు, మరియమ్మల జీవిత ఘట్టాన్ని రహస్యం అంటాం. దుఃఖ రహస్యాల్లో నాలుగోది క్రీస్తు సిలువ మోయడం. అమ్మ అక్కడ ఎందుకు నెమ్మదించేదో చిన్నప్పుడు నేను అడగలేదు. ఆ జపమాల అమ్మతోపాటే సమాధిలోకి వెళ్లింది. ఇన్నేళ్లలో ఏ ఫాదరుగారూ ఆ బొత్తాం చూసి అభ్యంతరం చెప్పలేదు.

అసలు ఈ పూసలు ఎలా వచ్చాయో తెలిస్తే మీ పిన్నిగారికి కూడా కాస్త నెమ్మది కలుగుతుందేమో. మఠాల్లో బైబిలులోని 150 కీర్తనలు పాడేవారు. చదువు రానివాళ్లు వాటి బదులు 150 సార్లు, క్రీస్తు నేర్పిన పరలోక జపం చెప్పుకునేవారు. లెక్కకు గులకరాళ్లు, ముడులేసిన తాళ్లు వాడేవారు. తర్వాత ఆ స్థానంలోకి మరియమ్మకు చేసే మంగళవార్త జపం వచ్చింది. ఆ జపంలోని రెండో సగం, అదే "పాపాత్ములమైన మా కొరకు" అని అడిగే భాగం, ఇప్పుడున్న రూపంలో స్థిరపడింది 1568లో 5వ పయస్ పోపుగారు వెలువరించిన దినప్రార్థనల గ్రంథంతోనే. 15 రహస్యాలకు 150 పూసలు, కీర్తనల లెక్కకు సరిగ్గా సరి. 2002 అక్టోబరులో 2వ జాన్‌పాల్ పోపుగారు వెలుగు రహస్యాలు ఐదు కలిపారు. దాంతో లెక్క 200 అయింది. కలుపుకోవడం, మానడం మీ ఇష్టానికే వదిలేస్తున్నానని ఆయనే అన్నారు. నేను గురువారాలు కలుపుకుంటాను, మా చెల్లెలు కలుపుకోదు. దాని మీద మా ఇద్దరికీ 20 ఏళ్లుగా తగాదా లేదు.

ఇంట్లో ఉంచితే మంచిది కాదన్న మాట మాత్రం శ్రీసభది కాదు. ఎప్పుడో పూర్తిగా పాడైపోతే కాల్చండి, లేదా మట్టిలో పాతిపెట్టండి. చెత్తలో వేయకండి. విరిగిన స్వరూపాలకైనా, మెడలో వేసుకునే చిరిగిన ఉత్తరీయాలకైనా ఇదే పద్ధతి.

ప్రశ్న: రాత్రి పడుకుని జపమాల మొదలుపెడతాను. రెండో రహస్యం దాటకముందే నిద్రపోతాను. ఇది పాపమా? – రాత్రి డ్యూటీలు చేసే ఒక నర్సు

జవాబు: కాదు తల్లీ. ఫ్రాన్సు సన్యాసిని చిన్న తెరేసమ్మ కార్మెల్ మఠంలో ప్రార్థన వేళల్లో ఏళ్ల తరబడి కునికిపాట్లు పడింది. నిద్రపోతున్న పిల్లలన్నా తల్లిదండ్రులకు ముద్దే కదా అని రాసుకుంది. ఒంటరిగా జపమాల చెప్పడం తనకు ఎంత కష్టమో కూడా దాచుకోకుండా రాసింది. ఆమె ఇప్పుడు పునీతురాలు, శ్రీసభ పండితురాలు కూడా. మీకు కుదిరితే డ్యూటీకి వెళ్లే దారిలో ఒక్క పది చెప్పుకోండి. ఐదూ ఒకేసారి పూర్తి కావాలన్న గట్టి నియమమేదీ లేదు, విడివిడిగా చెప్పుకోవచ్చు.

ప్రశ్న: మా తాతగారి ప్రార్థన పుస్తకంలో ఒక్కో జపం కింద "300 దినముల ఫలము", "7 సంవత్సరముల ఫలము" అని ఉంది. అంటే ఉత్తరించు స్థలంలో (చనిపోయాక ఆత్మ శుద్ధి పొందే చోట) అన్ని రోజులు తగ్గుతాయా? ఇప్పటి పుస్తకాల్లో ఎందుకు లేదు? – ఒక కాలేజీ విద్యార్థి

జవాబు: నవ్వకపోతే ఒకటి చెప్తాను. పదకొండేళ్లప్పుడు నా దగ్గర ఒక నోటు పుస్తకం ఉండేది. రోజూ రాత్రి ఏ జపానికి ఎన్ని రోజులో కూడి రాసుకునేవాణ్ణి. 40,000 దాటాక పుస్తకం పట్టుకెళ్లి మా విచారణ (మా ఊరి గుడి పరిధి) ఫాదరుగారికి చూపించాను, ఇంకెన్ని కావాలో చెప్తారని. ఆయన తిరగేసి, "కూడికల్లో తప్పులున్నాయిరా" అన్నారు. అంతే, ఇంకేమీ అనలేదు. ఆ మాటకు అర్థం బోధపడటానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఆ రోజులు ఉత్తరించు స్థలం క్యాలెండరువి కావు. తొలి శతాబ్దాల్లో ఘోర పాపాలకు బహిరంగ ప్రాయశ్చిత్తం ఉండేది. ఇన్ని రోజులు ఉపవాసం, ఇన్నేళ్లు గుడి వాకిట నిలబడటం, అలా. 300 రోజుల విమోచనమంటే, పాతకాలంలో 300 రోజుల ప్రాయశ్చిత్తం చేసినవాడికి ఎంత శిక్ష తగ్గేదో అంత తగ్గాలని శ్రీసభ తన భాండారం (క్రీస్తు, పునీతుల పుణ్యాల నిధి) నుంచి చేసే మనవి అన్నమాట. ఒక్క మాట మాత్రం ఇక్కడ గట్టిగా చెప్పాలి. విమోచనం వల్ల పాపం పోదు. పాపం పోయేది పాపసంకీర్తనంలో, అంటే ఫాదరుగారి దగ్గర పాపాలు ఒప్పుకుని క్షమాపణ పొందడంలో. క్షమాపణ దొరికాక కూడా మిగిలి ఉండే శిక్ష గురించే ఇదంతా. గోడకు మేకు కొట్టి పీకేసినా కన్నం మిగులుతుందే, ఆ కన్నం పూడ్చడం లాంటిది. ఈ తేడా మరిచిపోయి దీన్ని డబ్బుతో ముడిపెట్టినందుకే 16వ శతాబ్దంలో అంత గొడవైంది (లూథర్ తిరుగుబాటు). 1563లో త్రెంతు మహాసభ (బిషప్పుల సభ) ఆ వసూళ్లను ఆపించింది కానీ విమోచనాన్ని తీసేయలేదు.

లెక్కలు తీసేసింది 6వ పౌలు పోపుగారు, 1967లో. అప్పటి నుంచి రెండే రకాలు, పాక్షికం, సంపూర్ణం. పాక్షికంలో అంకెలు లేవు. ఎంత ప్రేమతో చేస్తారో అంత. (ఫాదరుగారు చెప్పిన కూడిక తప్పు అక్కడే ఉంది.) సంపూర్ణ విమోచనం రోజుకు ఒక్కటే. దానికి చెప్పిన పని చేయాలి. గుడిలోనో కుటుంబంతోనో జపమాల చెప్పడం, సిలువ మార్గం చేయడం, దివ్యసత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరమయ్యే అప్పం) ముందు అరగంట ఆరాధన, అరగంట బైబిలు పఠనం, వీటిలో ఏదైనా సరే. దాంతోపాటు పాపసంకీర్తనం, సత్ప్రసాద స్వీకరణ, పోపుగారి తలంపుల కోసం ప్రార్థన. ఇవన్నీ చేయగలిగినవే. చివరి షరతు దగ్గరే అందరం ఆగిపోతాం: ఏ చిన్న పాపం మీదా మమకారం ఉండకూడదు. అది లేకపోతే సంపూర్ణం కాస్తా పాక్షికమవుతుంది, పూర్తిగా వృథా మాత్రం కాదు. ఈ ఫలాన్ని మనకోసమో చనిపోయినవాళ్లకోసమో అర్పించొచ్చు, బతికున్న ఇంకొకరికి ఇవ్వడం కుదరదు. నవంబరు 1 నుంచి 8 వరకు సమాధుల దగ్గరికి వెళ్లి ప్రార్థిస్తే దొరికేది మృతులకు మాత్రమే.

తాతగారి పుస్తకం దాచుకోండి. అంకెలకు కాలం చెల్లింది గానీ జపాలకు కాదు. ఆ వాక్యాల నడక ఇప్పటి పుస్తకాల్లో దొరకదు.

ప్రశ్న: ఫోనులో ఒక నవదిన ప్రార్థన వచ్చింది. 9 మందికి పంపితే అద్భుతం జరుగుతుందట, ఆపితే కీడట. నేను ఆపాను. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. – పేరు రాయవద్దన్నారు

జవాబు: తీసేయండి. ఇంకెవరైనా పంపినా తీసేయండి. ప్రార్థన బెదిరిస్తే అది ప్రార్థన కాదు, మూఢనమ్మకం. మూఢనమ్మకాన్ని సత్యోపదేశం (శ్రీసభ బోధనల గ్రంథం) పది ఆజ్ఞల్లో మొదటిదాని కిందనే తప్పుగా చెప్తుంది. క్రీస్తు మోక్షారోహణం నుంచి పెంతెకోస్తు (పవిత్రాత్మ దిగివచ్చిన రోజు) దాకా మరియమాతతో కలిసి శిష్యులు ప్రార్థనలో గడిపిన రోజులే నవదినాలకు మూలం. అక్కడ ఎవరూ ఎవరినీ బెదిరించలేదు. నిజమైన నవదినాల్లో ఒకరోజు తప్పినా కీడేమీ రాదు, మర్నాడు కొనసాగించండి.

ప్రశ్న: మా అబ్బాయికి 23. కొన్నాళ్లుగా పాత లాటిన్ పూజ వీడియోలు చూస్తున్నాడు. "మన విచారణలో జరిగేది అసలు పూజే కాదు, అంతా చప్పట్లు, మైకులు" అంటాడు. రెండు నెలలుగా ఆదివారం గుడికి రావడం మానేసి గదిలో కూర్చుని ఫోనులో లాటిన్ పూజ చూస్తున్నాడు. మా ఆయన వాడితో మాట్లాడటం మానేశారు. ఎవరిది తప్పు? – ఒక తల్లి

జవాబు: ఈ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. ఎందుకంటే మీ అబ్బాయి ఫోనులో చూస్తున్నదే నా చిన్నతనం.

ఆ పూజలో పీఠం మెట్ల కింద నిలబడి ఫాదరుగారు "ఇంత్రోయీబో అద్ అల్తారే దేయీ" అనగానే మేం "అద్ దేయుమ్ క్వీ లెతీఫికత్ యువెంతూతెమ్ మేయమ్" అనేవాళ్లం. దేవుని పీఠం దగ్గరికి వెళ్తాను, నా యౌవనానికి ఆనందమిచ్చే దేవుని దగ్గరికి అని. తొమ్మిదేళ్లవాడికి యౌవనమంటే ఏం తెలుస్తుంది? బట్టీపట్టి అప్పజెప్పేవాళ్లం. "సుస్చీపియాత్" అని మొదలయ్యే జవాబు మాత్రం ఏ పిల్లాడికీ పూర్తిగా వచ్చేది కాదు. మొదటి మాట గట్టిగా, చివరి మాట గట్టిగా, మధ్యలో గొణుగుడు. పఠనం కాగానే పూజ గ్రంథాన్ని స్టాండుతో సహా కుడి పక్క నుంచి ఎడమ పక్కకు మార్చాలి. దాన్ని ఎత్తుకుంటే నాకు ఎదురుగా మెట్టు కనిపించేది కాదు. ఒకసారి పడ్డాను కూడా.

ఇంకోసారి అంతకంటే ఘోరం. ఆ పూజలో ముఖ్య భాగమంతా ఫాదరుగారు మనకు వీపు పెట్టి, లోగొంతుకలో చెప్పుకుంటారు. సత్ప్రసాదాన్ని పైకెత్తిన క్షణం వెనకున్నవాళ్లకు తెలిసేది గంటతోనే. ఆ రోజు ఏ లోకంలో ఉన్నానో, నేను గంట కొట్టలేదు. ఫాదరుగారు ఎత్తిన చేతులు దించకుండా అలాగే ఉండిపోయారు. గుడంతా నిశ్శబ్దం. చివరికి ఆయన చిన్నగా దగ్గారు. అప్పుడు ఉలిక్కిపడి కొట్టాను. వెనక నుంచి వందమంది ఒక్కసారి తలలు వంచిన చప్పుడు, బట్టల సవ్వడి, నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. కాబట్టి అమ్మా, మీ వాడు దేనికోసం వెతుకుతున్నాడో నాకు తెలుసు. ఆ ఆకలి తప్పు కాదని ముందు మీవారికి చెప్పండి.

ఇప్పుడు అబ్బాయితో నా మాట. బాబూ, ఆ పూజ ఎప్పుడూ మారలేదని నీకెవరో చెప్పి ఉంటారు. 5వ పయస్ పోపుగారు ఆ పూజ గ్రంథాన్ని 1570లో ఇచ్చారు. తర్వాత 1604లో, 1634లో, 1884లో, 1920లో, 1962లో సవరించిన ముద్రణలు వచ్చాయి. పూజ మధ్యలోని ఆ మహా ప్రార్థనలో క్రీస్తును పెంచిన జోజప్పగారి పేరే 1962 దాకా లేదు, 23వ జాన్ పోపుగారు చేర్చారు. గురువు కింద కూర్చుని పాత పాఠం నేర్చుకున్నవాణ్ణి కాబట్టి ఇంకో సంగతి కూడా చెప్తాను. ఆ రోజుల్లో అందరూ ధ్యానంలో మునిగిపోయేవారనుకోకు. సగం మంది జపమాల తిప్పుకునేవారు, మిగతావాళ్లు ఎప్పుడవుతుందా అని చూసేవారు. 20 నిమిషాల్లో పూజ ముగించే గురువులుండేవారు, వాళ్ల పూజకే జనం ఎక్కువ.

మరోవైపు, రెండవ వాటికన్ మహాసభ లాటిన్‌ను తరిమేసిందన్న మాటా నిజం కాదు. 1963 డిసెంబరు 4 నాటి దైవార్చన పత్రంలో లాటిన్‌ను కాపాడాలనీ, గ్రెగోరియన్ గానానికి (పాతకాలపు లాటిన్ గుడి పాటలకు) మొదటి స్థానం ఇవ్వాలనీ, విశ్వాసులు తమ వంతు భాగాలు లాటిన్‌లో కూడా చెప్పగలిగేలా చూడాలనీ ఉంది. మాతృభాషకు తలుపు తెరిచింది కూడా అదే పత్రం. నాకు 14 ఏళ్లప్పుడు, 1965 మార్చిలో, కొన్ని భాగాలు మాతృభాషలో చెప్పడం మొదలైంది. కొత్త పూజ గ్రంథం 1969 నవంబరు 30న, క్రిస్మస్ ముందు వచ్చే ఆగమనకాలం మొదటి ఆదివారం నుంచి అమల్లోకొచ్చింది. దాంట్లోని మొదటి కృతజ్ఞతా ప్రార్థన దాదాపు ఆ పాత మహా ప్రార్థనే. అంటే మీ విచారణ ఫాదరుగారు దాన్ని ఎంచుకున్న రోజున, మా ఫాదరుగారు గొణిగిన మాటల్నే నువ్వు నీ భాషలో వింటున్నావు. నాకైతే మొదటిసారి అర్థం తెలిసి విన్న రోజున ఏడుపొచ్చింది. అందులో అంతమంది పునీతుల పేర్లున్నాయని అప్పటిదాకా నాకు తెలియదు.

గట్టి సంగతులు రెండున్నాయి. "అసలు పూజే కాదు" అనడం తప్పు. రెండూ చెల్లే పూజలే, రెండింట్లోనూ వచ్చేది ఒకే క్రీస్తు. అలా అనడమంటే శ్రీసభ యాభై ఏళ్లకు పైగా తన పిల్లలకు ఉత్త అప్పం పంచుతోందనడమే. రెండోది, ఫోనులో చూస్తే ఆదివారం కట్టడ తీరదు. జబ్బున్నవాళ్ల సంగతి వేరు. కాళ్లున్న 23 ఏళ్లవాడు గుడికి వెళ్లాలి, శనివారం సాయంత్రం పూజకైనా సరే. రెండు నెలల సంగతి పాపసంకీర్తనంలో చెప్పుకోవాలి. శ్రుతి తప్పిన పాటలో వచ్చే క్రీస్తును వదిలి, తెర మీద అందమైన పాట వినడం బేరం కుదిరే పని కాదు.

అక్కడికి దగ్గర్లో నిజంగా పాత పూజ జరుగుతుంటే వెళ్లొచ్చు. 2007లో 16వ బెనెడిక్ట్ పోపుగారు దానికి అనుమతి విస్తరించారు. 2021 జూలై 16న ఫ్రాన్సిస్ పోపుగారు దాన్ని బిగించి, అనుమతి పీఠాధిపతి (బిషప్) చేతిలో పెట్టారు. విచారణ గుడిలో జరపాలంటే రోము ఒప్పుకోలు కూడా కావాలి. కాబట్టి ఆ గురువుకు అనుమతి ఉందో లేదో ముందు కనుక్కోండి. బిగించిన తీరు నాకు మనసుకు కష్టంగానే అనిపించింది, అది నా సొంత అభిప్రాయం. అలాగని పీఠాధిపతిని కాదని పోయే పూజకు మాత్రం నేను వెళ్లను.

ఇంకో పని ఉంది. 1974లో 6వ పౌలు పోపుగారు సులువైన లాటిన్ పాటలు చిన్న పుస్తకంగా వేయించి పీఠాధిపతులందరికీ పంపారు. కీరియే, సాంక్తుస్, ఆఞుస్ దేయీ, ఇవి ఇప్పటి పూజలోనే పాడుకోవచ్చు, ఎవరి ప్రత్యేక అనుమతీ అక్కర్లేదు. మీ అబ్బాయి వాటిని నేర్చుకుని, ఫాదరుగారి దగ్గరికి ఫిర్యాదుతో కాకుండా పాటతో వెళ్తే బాగుంటుంది. సత్ప్రసాదం తర్వాత రెండు నిమిషాలు మైకు ఆపమని కూడా అడగమనండి. ఆ మౌనం ఇప్పటి పూజ నిబంధనల్లోనే ఉంది. మైకు విషయంలో నేను మీ వాడి పక్షమే.

ప్రశ్న: సత్ప్రసాదం చేతిలో తీసుకోవాలా, నాలుక మీదా? మా గుడిలో రెండు వర్గాలయ్యాయి. – గాయక బృందంలో ఒకరు

జవాబు: నాలుక మీద తీసుకునే హక్కు ఎక్కడైనా ఉంది. పీఠాధిపతుల సమాఖ్య అడిగి, రోము ఒప్పుకున్నచోట చేతిలోనూ తీసుకోవచ్చు. మోకరించాడనో నిలబడ్డాడనో ఎవరికీ కాదనకూడదని 2004 నాటి రోము ఆదేశంలో ఉంది. నాలుగో శతాబ్దంలో యెరూషలేములో కొత్తగా జ్ఞానస్నానం పొందినవాళ్లకు, కుడిచేతికి ఎడమచేతిని సింహాసనంలా పట్టమని నేర్పేవారు, ఒక్క ముక్క కూడా రాలనివ్వద్దని కూడా చెప్పేవారు. జనం మొదటి సగం గుర్తుంచుకున్నారు, రెండో సగం మర్చిపోయారు. చేతిలో తీసుకుంటే అక్కడే, ఇచ్చినవారి ఎదుటే నోట్లో వేసుకోండి, తర్వాత అరచేయి చూసుకోండి. నేను నాలుక మీదే తీసుకుంటాను, అలవాటు. మా ఆవిడ చేతిలో తీసుకుంటుంది. ఒకే బెంచీలో కూర్చుంటాం.

ప్రశ్న: పూజకు ముందు బీపీ మాత్ర వేసుకున్నాను. సత్ప్రసాదం తీసుకోకుండా వెనక్కొచ్చేశాను. సరైందేనా? – 66 ఏళ్ల పాఠకుడు

జవాబు: అయ్యో, అక్కర్లేదు. సత్ప్రసాదానికి ముందు ఉండాల్సిన ఉపవాసాన్ని మందు, మంచినీళ్లు చెడగొట్టవు. మా నాన్న రోజుల్లో అర్ధరాత్రి నుంచి చుక్క నీళ్లు కూడా తాగేవారు కాదు. 1953లో నీళ్లు తాగొచ్చన్నారు, 1957లో మూడు గంటలకు తగ్గించారు, 1964లో ఒక గంట చేశారు. గంట లెక్క కూడా సత్ప్రసాదం తీసుకునే సమయానికి ముందు, పూజ మొదలయ్యే సమయానికి కాదు. వృద్ధులకు, జబ్బుపడ్డవాళ్లకు, వాళ్లను చూసుకునేవాళ్లకు ఆ గంట కూడా లేదు. 66 ఏళ్లంటే మీరు ఆ వరసలోకి వచ్చేసినట్టే.

ప్రశ్న: మోకాళ్ల ఆపరేషన్ అయింది. సత్ప్రసాదం పైకెత్తేటప్పుడు అందరూ మోకరిస్తుంటే నేనొక్కదాన్నే కుర్చీలో ఉండిపోతున్నాను. సిగ్గుగా ఉంది. వెనక బెంచీకి మారిపోయాను. – ఒక అమ్మమ్మ

జవాబు: ముందుకు రండి. మోకరించలేనివాళ్ల కోసం పూజ గ్రంథంలోనే దారి రాసి ఉంది: సత్ప్రసాదాన్ని ఎత్తి చూపాక గురువు మోకరించినప్పుడు, మీరు ఉన్నచోటే బాగా వంగి నమస్కరించాలి. అది మోకరించడానికి తక్కువైన పని కాదు, మీవంటివాళ్లకు శ్రీసభ ఇచ్చిన పద్ధతి. నిలబడగలిగితే నిలబడి, లేకపోతే కూర్చునే వంగండి.

నేనూ ఇప్పుడు అలాగే చేస్తున్నాను. మూడో బెంచీలో, నడవా పక్కన కూర్చుంటాను. మా గుడిలో గంట కొట్టేది పదేళ్ల అమ్మాయి. ఇంతవరకు ఒక్కసారీ మర్చిపోలేదు. అయినా ప్రతి ఆదివారం ఆ సమయం దగ్గరపడేసరికి నా కళ్లు ఆ పిల్ల చేతి మీదే ఉంటాయి.